ఎన్కకు సూసినవా, పటేలా?

మొన్న తరిగొప్పులలో మా పత్తి చేనుకు మందు కొట్టడానికి డ్రోన్ తెప్పించాను. దాన్ని నడిపే సరిత మా ఊరి కోడలే. గట్టు మీద నిలబడి చూస్తున్నాను. రెక్కల మోత చెవుల్లో నిండిపోయింది, మందు ఘాటు గొంతులో పట్టుకుంది. అంతలో డ్రోన్ నా వైపు మళ్లింది. సరిత "కాకా, ఎన్కకు" అని కేకేసింది. రెండడుగులు వెనక్కి జరగమని ఆమె ఉద్దేశం. నేను మాత్రం ఉన్నచోటే నిలబడి, మెడ తిప్పి వెనక్కి చూశాను. ఆమె చటుక్కున డ్రోన్‌ను గాల్లోనే ఆపి, "ఎన్కకు జరుగుమంటే ఎన్కకు సూస్తవేంది కాకా?" అంది. నవ్వబోయి ఆగిపోయాను. ఈ పొరపాటు ఇదివరకు ఒకసారి చేశాను. అప్పుడు బద్రు అన్న కాలు పోయింది.

భూపాలపల్లిలో బొగ్గు గనిని గని అనరు, బాయి అంటారు. నేను బాయిలో సర్దారుగా, అంటే కూలీల జట్టుకు ముందుండేవాడిగా, చేరినప్పుడు బద్రు అన్న నా పై అధికారి. మానుకోట దగ్గరి తండా ఆయనది. నాదేమో నాలుగు బావుల వ్యవసాయం ఉన్న ఇల్లు. తండా మనిషి చెప్పినట్టు వినాల్సి వచ్చిందని మొదట్లో లోలోపల చిన్నతనంగా ఉండేది. ఇప్పుడా మాట రాయడానికి సిగ్గేస్తోంది. ఆయన మొదటి రోజే నా సంగతి పసిగట్టినట్టున్నాడు, ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. భూములున్న ఆసాముల్ని పిలిచినట్టు "పటేలా" అనేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో తేల్చుకోలేక నేను ఉడికిపోయేవాణ్ణి. అసలు నా పేరు ఆయనకు తెలుసో లేదో అని కూడా అనుమానం ఉండేది.

బొగ్గును మందు పెట్టి పేల్చాక, పొగ పోయేదాకా అందరం దూరంగా కూర్చోవాలి. ఆ తర్వాత అందరికంటే ముందు సర్దారు లోపలికి వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టలేకపోతే మనిషి మిగలడు. పొగ కోసం ఆగే ఆ కాసేపట్లో నా గుండె దడదడలాడేది. నా మొహం చూసే కాబోలు, బద్రు అన్న ఒక కథ మొదలుపెట్టాడు. మానుకోట స్టేషన్‌లో బెంచీ మీద ఎవరో మరిచిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఆయనకు దొరికిందట. రెండో ప్రపంచ యుద్ధంలో కొట్లాడిన ఒక జర్మనీ పైలట్ తన గురించి తాను రాసుకున్నది. నిఘంటువు పక్కన పెట్టుకుని, సెలవు రోజుల్లో నాలుగు పేజీలు చదివి, వాటినే మాకు వారమంతా చెప్పేవాడు.

"మొదటిసారి యుద్ధానికి ఎగిరిననాడు ఏం జేసిండో ఎర్కేనా?" అని అడిగాడు ఒకరోజు. "శత్రువును సూడంగనే ఆగమైండు. తనను తోల్కపోయిన పెద్దాయన్నే ఇడిసిపెట్టి ఎటో ఉరికిండు. పెట్రోలు అయిపోయి చేన్ల దిగవడ్డడు."

నేను నవ్వాను. "నవ్వకు పటేలా. నువ్వు మొన్న అదే జేసినవ్" అన్నాడు. రెండు రోజుల ముందు నేను కంగారులో, ఆయన పొమ్మనకముందే, ఆయన్ని దాటుకుని లోపలికి దూసుకుపోయిన మాట నిజమే.

ఆ పైలట్ తర్వాత రష్యా మంచులో, గడ్డి మైదానాల నుంచి రోజుకు నాలుగైదు సార్లు ఎగిరాడు. ఎదుటి విమానం కిటికీ నిండా కనిపించేంత దగ్గరికి వెళ్తేగానీ పేల్చేవాడు కాదు. కూల్చిన ప్రతి విమానానికీ తన విమానం తోక మీద ఒక తెల్ల గీత గీయించుకున్నాడు. రెండుసార్లు మంటల్లోంచి దూకి బతికాడు. వింటుంటే మాకు పొగ సంగతే గుర్తుండేది కాదు. ఒకసారి నేనే అడ్డు తగిలాను. "వాడు కొట్లాడింది దుర్మార్గుల తరఫున గద అన్నా?"

"గదంత నాకెర్కే. గాయన మంచోడని నేనన్ననా? గాయన మెడ సంగతి జెప్తున్న, ఇను. పైలట్లు మెడకు పట్టుబట్ట సుట్టుకుంటరు. సోకుకు గాదు. ఎన్కకు సూసి సూసి మెడ తోలు ఒరుసుకపోతదని. ఎన్కకు సూడనోడు ఒక్కడు గూడ ఇల్లు చేరలే."

ఆయన మెడలో ఎప్పుడూ తువ్వాల ఎందుకుంటుందో అప్పుడర్థమైంది. ఆనాటి నుంచి నేను లోపలికి అడుగు వేసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "ఎన్కకు సూసినవా, పటేలా?" పారిపోయే దారి తెరిచి ఉందా, వెనక మనిషి ఉన్నాడా చూసుకోమని. ఏడాది తిరిగేసరికి ప్రశ్న కురచై, "ఎన్కకు" అన్న ఒక్క మాట మిగిలింది. ఆ మాట వినపడగానే నా మెడ దానంతటదే తిరిగేది.

ఆ రోజు ఫస్ట్ షిఫ్ట్. పొగ పోయింది. నేను ముందు, బద్రు అన్న పది అడుగుల వెనక. మూడు చోట్ల తట్టాను, ఖంగుమంది. నాలుగోచోట డొల్లగా పలికింది. నమ్మలేక మళ్లీ తట్టాను. అదే నా మొదటి తప్పు. సన్నగా ఇసుక రాలి హెల్మెట్ మీద పడింది. పైన ఎక్కడో చీర చిరిగినట్టు చప్పుడు. "ఎన్కకు" అని అరిచాడు బద్రు అన్న.

నేను మెడ తిప్పి చూశాను. అంతే. కాళ్లు కదపలేదు. వెనక ఆయన దీపం కనిపించింది, దారి తెరిచే ఉంది, అంతా బాగానే ఉందనుకున్నాను. ఆ దీపం నా మీదికి దూసుకొచ్చింది. నడుము బెల్టు పట్టుకుని ఆయన నన్ను విసిరేశాడు. తర్వాత బండ పడిన చప్పుడు, చీకటి, నోటి నిండా దుమ్ము. నేను బయట ఉన్నాను. ఆయన కుడికాలు బండ కింద ఉంది. జాకీలు తెచ్చి బండ లేపేదాకా ఆయన నా చెయ్యి వదలలేదు.

వరంగల్ దవాఖానలో మోకాలి కింది నుంచి తీసేశారు. మూడో రోజు నన్ను లోపలికి రానిచ్చారు. మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. "తప్పు నీది గాదు" అన్నాడు. "ఒక్క మాటకు రెండు పనులు పెట్టిన. సూడుమన్నా గదే, ఉరుకుమన్నా గదే. గా మాటను నేనే పాడుజేసిన."

మళ్లీ తనే, "కథల గూడ ఒకటి దాసిన" అన్నాడు. "గా పైలట్ పక్కపొంటి ఒకడు ఎగిరేటోడు. ఈయన ఎన్క ఎవలు రాకుంట సూసుడే వాని పని. ఒకదినం ఈయన ముందట విమానం మీదనే కన్నేసి పోతనే ఉన్నడు. పక్కోడు ఏమైండో సూడలే. వాడు కూలిండు. ఈయన కూలగొట్టినయి పేజీలకు పేజీలు రాసుకున్నడు. వానికి ఒక్క లైను. పేరు గూడ రాయలే."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"నీకు ధైర్యం రావాలని మొనగాని లెక్క జెప్పిన. నాకు మాత్రం బాయిల దిగినప్పుడల్లా గా ఒక్క లైనే యాదికొచ్చేది."

నాకు కోపం వచ్చింది. ఏడాదిపాటు నేను ఆ పైలట్‌నే అనుకుంటూ నడిచాను. ఆయన లెక్కలో నేను కూలిపోయిన ఆ పక్కవాణ్ణి. కాలు పోగొట్టుకున్న మనిషి మీద కోపం తెచ్చుకున్నందుకు నా మీద నాకే అసహ్యం కూడా వేసింది.

తర్వాత ఆయన్ని బాయి పైన దీపాలిచ్చే గదిలో పనికి వేశారు. రిటైరైన రోజు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వే సదువుకో" అన్నాడు. నేను చదవలేదు. ఇంగ్లీషు రాదని చెప్పుకునేవాణ్ణి, అసలు సంగతి భయం. నా కింద పనిచేసినవాళ్లకు మాత్రం రెండు మాటలు నేర్పాను. చూడాలంటే "సూడు", పరుగెత్తాలంటే "ఉరుకు". మరో మాట ఎవరి నోట వచ్చినా ఒప్పుకోలేదు. నేను రిటైరయ్యేదాకా నా మనుషులెవరూ బండ కింద పడలేదు.

మొన్న చేను నుంచి వచ్చి, సరితకు కూడా ఆ రెండు మాటలే చెప్పి పంపి, పుస్తకం దించాను. బద్రు అన్న పోయి మూడేళ్లయింది. ఆ లైను వెతకడానికి కష్టపడలేదు. పేజీ అక్కడే మడిచి ఉంది. పైలట్ తన పక్కవాడి పేరు రాయకుండా వదిలేసిన ఆ వాక్యం ఎదురుగా, అంచున, పెన్సిల్‌తో తెలుగులో "రాజిరెడ్డి" అని రాసి ఉంది. పటేలా అని కాదు, నా పేరు. కాలు పోయాకే కాబోలు, దాని మీద బద్రు అన్న ఒక అడ్డగీత గీసి కొట్టేశాడు.