డాక్టర్ షెన్ మూడు గిన్నెలు

మొన్న ఇక్కడ ఒమాన్‌లో, మత్రా సూక్ అనే పాత బజారులో ఒక సాంబ్రాణి దుకాణం ముందు ఆగాను. దుకాణదారు ధూపం గిన్నెలో ఏదో ఎండుటాకు నలిపి వేశాడు. చేదుగా, కొంచెం ఎండుగడ్డిలా, అడుగున ఎక్కడో కర్పూరం కలిసినట్టున్న పొగ వచ్చింది. వినాయకుడి పూజలో మొదట వేసే మాచిపత్రి వాసన అది. మా అమ్మాయి “నాన్నా, ఎండెక్కుతోంది, పదండి” అంటోంది. నేను మాత్రం పదేళ్ల కిందట హమ్రియాలో ఒక ఆస్పత్రి మూడో అంతస్తులో, కిటికీలు తెరిచినా ఆ పొగ వదలని గదిలో ఉన్నాను. ఇంటికొచ్చి ఆ ఏళ్ల డైరీలు బయటికి తీశాను. పదిహేడో ఏటి నుంచి రోజూ రాసే అలవాటు నాది. డాక్టర్ షెన్ గురించి రాయాలని చాలాసార్లు అనుకుని వాయిదా వేశాను. ఆమె గురించి రాస్తే నా తప్పు ఒకటి రాయకుండా కుదరదు.

ఆ ఆస్పత్రిలో నేను రికార్డుల గుమాస్తాను. ఆస్పత్రి పేరు చెప్పను, పెద్దదేమీ కాదు. డాక్టర్ షెన్ చైనా నుంచి వచ్చినావిడ. యాభై దాటిన వయసు, పొట్టి మనిషి, మగపిల్లాడిలా కత్తిరించుకున్న జుట్టు. మే నెల ఎండలో కూడా ఫ్లాస్కులోంచి వేడినీళ్లే తాగేది. వాళ్ల సంప్రదాయ వైద్యంలో మోక్సా అని ఒక పద్ధతి ఉంది. ఎండిన మాచిపత్రి జాతి ఆకును దంచి దూదిలా చేసి, కాగితంలో చుట్టలా చుట్టి వెలిగిస్తారు. దాన్ని చర్మానికి తాకనీయకుండా దగ్గరగా పట్టి, నొప్పి ఉన్నచోట వెచ్చదనం ఇస్తారు. అది మోకాళ్ల నొప్పికి నిజంగా పనిచేస్తుందా లేదా అని పరీక్షించడానికి ఆస్పత్రి ఆమెకు ఆరు నెలలకు ఒక పెద్ద గది ఇచ్చింది. ఒక వరసవాళ్లకు మోక్సా, ఇంకో వరసవాళ్లకు అంతసేపూ మోకాలి మీద వెచ్చని తువ్వాలు మాత్రమే. తెలుగు, హిందీ, కొంత అరబీ వచ్చు కాబట్టి వచ్చినవాళ్లను అడిగి కాగితాలు నింపే పని నాకు పడింది.

సమాయిల్ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు, ఖర్జూరం తోటలున్న మనిషి. మోకాలి పక్కన నాణెమంత పాత మచ్చ. చిన్నప్పుడు వాళ్ల తాత ఇనుప కడ్డీ కాల్చి పెట్టిన వాత అది. ఆ రోజుల్లో ఇక్కడ అదీ ఒక వైద్యమే. డాక్టర్ షెన్ మోక్సా దగ్గరకు తెస్తే “దీన్ని నిప్పంటారా, యా డాక్టర్? ఇంకా దగ్గరికి తే” అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది కానీ దగ్గరికి తెచ్చేది కాదు. తన రెండు వేళ్లు అతని మోకాలికి అటూ ఇటూ ఆనించి ఉంచేది. “ఆయన ఓపిక పడతాడు. నా వేళ్లు పట్టవు. వేడి ఎంతో వాటినే అడుగుతాను” అంది నాతో. ఆ మాట డైరీలో రాసుకున్నాను. అర్థం చేసుకున్నాననే అనుకున్నాను.

మస్తానమ్మ మోక్సా వరసలో మనిషి. కడప దగ్గరి ఊరు, నలభై దాటిన వయసు. ఒక ఒమానీ టీచరమ్మ ఇంట్లో పని. రెండంతస్తుల ఇంట్లో రోజంతా మెట్లు ఎక్కి దిగే ఉద్యోగం. వారానికోసారి వచ్చేది. ప్రతిసారీ నేను “తగ్గిందా అమ్మా?” అని అడిగేవాణ్ని. “తగ్గిందన్నా” అనేది. టిక్కు పెట్టేవాణ్ని. నాలుగో వారం లిఫ్టు పనిచేయలేదు. నేను టీకి దిగుతుంటే ఆమె మెట్ల మీద పక్కకు తిరిగి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతోంది.

“ఏమ్మా, తగ్గిందన్నావు గదా?”

“మీ కాగితానికి తగ్గిందన్నా. నా కాలికి యాడ తగ్గింది? అట్లనే ఉండాది.”

“మరి లోపల అలా ఎందుకు చెప్పావు?”

“సీలుండే కాగితం ఏదైనా కఫీలు కాడికి పోతాదంట గదా. అన్‌ఫిట్ అని రాసినారంటే ఎగ్జిట్ కొట్టి పంపిచ్చేస్తారు. ఈడికొచ్చే ఆడోళ్లమంతా అదే అనుకున్నాం. అందురం తగ్గిందనే చెప్తాండాం.”

కఫీలంటే వీసా ఇచ్చిన యజమాని. గల్ఫుకు వచ్చే ప్రతివాళ్లూ దిగగానే మెడికల్‌కు నిలబడతారు, అందులో అన్‌ఫిట్ వస్తే వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. ఆ భయం పట్టుకున్నవాళ్లకు మా పరిశోధన కాగితం కూడా అలాంటిదే అనిపించింది. అది ఎవరి దగ్గరికీ పోదని ఒక్కమాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పాలని నాకు తట్టలేదు. ఆ సాయంత్రం ఆమె అన్నదంతా పొల్లుపోకుండా డైరీలో రాశాను. మర్నాడు ఆఫీసుకు వెళ్లి ఆమె కాగితంలోని టిక్కును మాత్రం అలాగే ఉంచేశాను. కాగితాలు ముచ్చటగా ఉన్నాయి. మొదటి నెల పని చూసి గది ఉంచాలా తీసేయాలా అని తేల్చే మీటింగు దగ్గరపడుతోంది. డాక్టరమ్మకు మేలే చేస్తున్నాననుకున్నాను.

మీటింగుకు నాలుగు రోజుల ముందు డాక్టర్ షెన్ నన్ను పిలిచింది. కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి.

“సుబ్బారావుగారూ, ఇవి చాలా అందంగా ఉన్నాయి. నాకు భయంగా ఉంది.”

“భయమెందుకు మేడమ్?”

“చాలా ఏళ్లుగా మోకాళ్లు చూస్తున్నాను. ఇంత మర్యాదస్తులైన మోకాళ్లను ఎక్కడా చూడలేదు. తువ్వాలు వేసినవాళ్లకూ తగ్గింది, మోక్సా పెట్టినవాళ్లకూ తగ్గింది, అందరికీ ఒకే వారంలో తగ్గింది.” కాగితాలు పక్కకు జరిపి అంది: “మీ భాష నాకు రాదు. కానీ అడిగేటప్పుడు మీ తల ఊగుతుంది. వాళ్లు నోరు తెరవకముందే మీ తల జవాబు చెప్పేస్తోంది.”

అప్పుడు చెప్పాను, మస్తానమ్మ సంగతి. మర్నాడు డైరీ తెచ్చి ఆ పేజీ ఇంగ్లీషులో చదివి వినిపించాను. కోప్పడుతుందని ఎదురుచూశాను. ఆమె ఫ్లాస్కు మూత నిండా వేడినీళ్లు పోసి నా ముందు పెట్టింది. “నిజం మీ దగ్గరే ఉంది. ఇంట్లో దాచుకున్నారు” అంది. అంతే. ఉద్యోగజీవితంలో చాలా మెమోలు తీసుకున్నాను, ఏదీ ఇంతగా తగల్లేదు. తర్వాత కలం తీసి ఒక్కో కాగితం మీదా అడ్డంగా గీత గీయడం మొదలుపెట్టింది. నాలుగు వారాల పని.

“మీటింగయ్యాక గీయండి మేడమ్. గది పోతుంది” అన్నాను.

“మోక్సా పనిచేస్తుందని నాకు నమ్మకం. మా అమ్మమ్మ చేతిలో చూశాను. అందుకే పరీక్ష దగ్గర నా మాట చెల్లకూడదు” అంటూ గీస్తూనే ఉంది.

మీటింగులో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. పెద్ద గది తీసేసి, ల్యాబు పక్కన దుప్పట్లు పెట్టుకునే ఇరుకు గది ఇచ్చాడు. ఆమె ఆ గది చూసి “పొగ తొందరగా నిండుతుంది, కిటికీ మాత్రం పెద్దది” అంది నవ్వుతూ.

అక్కడ కొత్త పద్ధతి పెట్టింది. వచ్చినవాళ్లకు ఖావా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరం ఇస్తాం. తిన్నాక గింజ పట్టుకుని తెర వెనక్కి వెళ్తారు. అక్కడ మూడు మూత గిన్నెలు, ప్రతి మూతకూ చిన్న కంత. మొదటి గిన్నె మీద నవ్వే మొహం, రెండోదాని మీద మామూలు మొహం, మూడోదాని మీద ఏడుపు మొహం. తగ్గితే మొదటిది, అలాగే ఉంటే రెండోది, పెరిగితే మూడోది. పేరు లేదు, సంతకం లేదు, సీలు లేదు. మోక్సా వరసకు ఒక రోజు, తువ్వాలు వరసకు వేరే రోజు, కాబట్టి ఏ గింజలు ఏ వరసవో తెలుస్తుంది, ఏ గింజ ఎవరిదో తెలియదు. నా పని ముందుగా అందరికీ ఈ సంగతి వాళ్ల భాషలో చెప్పడం, తర్వాత నోరు మూసుకోవడం.

మొదటి రోజు గిన్నెలు తెరిస్తే మూడింట్లోనూ గింజలున్నాయి. ఏడుపు మొహం గిన్నెలో గింజలు చూసి డాక్టర్ షెన్ సంబరపడింది. అలా సంబరపడ్డ డాక్టర్ని నేనింతవరకూ ఇంకొకర్ని చూడలేదు. “ఇప్పుడు మనతో మాట్లాడుతున్నారు” అంది.

మూడో వారం మస్తానమ్మ వెళ్లబోతూ నా బల్ల దగ్గర ఆగింది. “ఆ ఏడుపు గిన్నెలో ఏసింది నేనే అన్నా. ఏసినా ఎవురూ ఏమీ అనలే. అందుకే చెప్తాండా.” డాక్టర్ షెన్ ఆమె మోకాలిని మళ్లీ చూసి, ఇది తన చేతి వైద్యానికి లొంగేది కాదని ఎముకల డాక్టరు దగ్గరికి పంపింది. లోపల పాత దెబ్బ ఉందని, సరైన చికిత్సతో కుదురుతుందని అక్కడ తేలింది. కానీ ఆ సంగతి టీచరమ్మకు చెప్పాల్సింది మస్తానమ్మే. వారం రోజులు ఎటూ తేల్చుకోలేక, చివరికి చెప్పింది. తర్వాతి వారం వచ్చి “ఇన్నాళ్లూ యాల చెప్పలేదని మా మేడమే నన్ను తిట్టిందన్నా. మేడ మీద పని మాన్పిచ్చి వంటింట్లో పెట్టింది” అంది. అలా తిట్లు తిన్నందుకు అంత సంతోషించిన మనిషిని చూసి మేమిద్దరం నవ్వాం.

ఆ పని ఇంకో ఏడాదిన్నర సాగింది. మోక్సా కొందరికి మేలు చేసింది, అందరికీ కాదు. తువ్వాలు కంటే మెరుగే కానీ ఆమె ఆశించినంత కాదు. అదే రాసింది, ఒక్క మాట కూడా పెంచకుండా. సొంత ఊళ్లో ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెడతానంటూ ఆ హుషారులోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు శుక్రవారాలు హమ్రియాలో మనవాళ్లు నడిపే ఉచిత వైద్య శిబిరంలో కాగితాలు నింపుతున్నాను. పేరు రాయకముందే ఆ కాగితం ఎవరు చూస్తారో, ఎవరు చూడరో చెప్తాను. “ఎలా ఉంది?” అని అడిగి, కలం బల్ల మీద పెట్టి, తల కదపకుండా కూర్చుంటాను. ఈ వయసులో మెడ తిన్నగా నిలపడం కొంచెం కష్టమే. పోయిన వారం సైట్‌లో పనిచేసే నిజామాబాద్ మనిషి ఒకతను వచ్చాడు.

“మంచిగనే ఉంది సార్” అన్నాడు.

నేను కలం తీయలేదు. అతను గోడవైపు చూశాడు, తలుపువైపు చూశాడు, నావైపు చూశాడు. తర్వాత మెల్లగా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“రెండు నెలల సంది ఈ చెయ్యి పైకి లేస్తలేదు సార్.”

అప్పుడు కలం తీసుకున్నాను.