యాదగిరి మామ తెచ్చిన బంగారు బిళ్ల

మా చిన్నప్పుడు... తెలంగాణ వచ్చిన కొత్తల్ల, ఒక రాఖీ పున్నమ నాడు యాదగిరి మామ హుజూర్‌నగర్ నుంచి వచ్చి మా చిన్నమ్మతోని రాఖీ కట్టించుకున్నడు. అయినంక అంగీ జేబుల నుంచి ఎర్ర డబ్బి తీసి, చిన్నమ్మ బిడ్డ శ్రావణి చేతుల పెట్టిండు. మూత తీస్తే లోపల దూది మీద బంగారు బిళ్ల... లక్ష్మమ్మ బొమ్మతోని, ఎండకు తళతళ మెరుస్తాంది.

నేను పక్కనే నిలబడ్డ. నా చేతుల చాక్లెట్ పెట్టిండు.

శ్రావణి మా చిన్నబాపు బిడ్డ. నల్గొండ దగ్గర మా ఊర్ల మాకు ఒక్కటే ఇల్లు, ఒక్కటే వాకిలి, ఒక్కటే గొర్ల మంద. ఇద్దరికి బువ్వ గూడ ఒక్కటే కుండల. అన్నీ సమానమే... ఒక్క మేనమామ తప్ప. మా అమ్మకు అన్నదమ్ములు లేరు. యాదగిరి మామను నేనుగూడ మామా అనే పిలిచేదాన్ని, పిలిస్తే పలికేటోడు. కానీ కోడలు మాత్రం అదే.

ఇగ చూడుండ్రి దాని రాజ్యం... డబ్బి బడికి తెచ్చేది. అందరికి మూత తీసి చూపెట్టేది, నాకు మాత్రం ముట్టనియ్యకపోయేది. చిన్నమ్మ గూడ తక్కువేం తినలే. బోరింగు కాడికి వచ్చేటోళ్లకు, పోయేటోళ్లకు మా తమ్ముడు కోడలికి బంగారం పెట్టిండని చెప్పుడే చెప్పుడు.

నా కడుపుల ఎంత మంటనో... బువ్వ తినుకుంట గూడ ఆ డబ్బి దిక్కే చూసేదాన్ని. నీకు తమ్ముడెందుకు లేడని అమ్మతోని కొట్లాడిన. అమ్మ ఏమంటది పాపం, పోయి మీ తాతనడుగు అన్నది. తాత ఎన్నడో పోయిండు.

సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ బిళ్లను గౌరమ్మ పక్కన పెట్టాలని అవ్వ అన్నది. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. దేవుని కాడ పెట్టే వస్తువు ఏదైనా సరే, తోమకుండ పెట్టదు ఆమె. పొద్దుగాల్నే ఇత్తడి తాంబాలం, చెంబు ముంగటేసుకొని చింతపండు, బూడిద పెట్టి తోముకుంట... బిళ్లను గూడ గట్లనే పట్టుకున్నది. బంగారమైతే ఇంకింత మెరుస్తదని ఆమె నమ్మకం. రుద్దింది, రుద్దింది... నీళ్లు పోసి చూస్తే బిళ్ల తెల్లగ, స్టీలు గిన్నె లెక్క. లక్ష్మమ్మ ముక్కు కాడ ఇంత పచ్చ మిగిలింది.

శ్రావణి కిందపడి ఏడ్చింది. చిన్నమ్మ ముఖం మాడిపోయింది... బోరింగు కాడ ఎన్ని మాటలు చెప్పింది మరి. అవ్వ ఆ చింతపండు చేతులతోనే కూసోని, "బంగారమసొంటి బంగారాన్ని పాడు చేస్తినే బిడ్డా" అన్నది.

నాకా... దాచేదేమున్నది, కడుపుల సల్లగైంది. నా పండుగ ఆడనే అయింది.

ఆ యేడు పత్తి ఏరుడు ఉండి చిన్నమ్మ పుట్టింటికి పోలే. గందుకే పండుగ చీర పట్టుకొని మధ్యాహ్నం మామనే వచ్చిండు. నేను ఉరికిపోయి అందరికన్న ముందే చెప్పిన, నీ బంగారం తోమితే పోయిందని. తల దించుకుంటడు, చూడాలె అనుకున్న.

మామ రైస్ మిల్లుల బస్తాలు మోసే మనిషి. బిళ్లను అరచేతుల పెట్టుకొని అటిటు తిప్పిండు.

"అది పూతదే అక్కా... జాతరల కొన్న. నాకాడ బంగారమెక్కడిది? నువ్వు గంత సంబురపడ్తుంటే చెప్పబుద్ధి గాలే."

చిన్నమ్మ కొంగుతోని కండ్లొత్తుకున్నది.

సాయంత్రం ఆట అయినంక ఆడోళ్లందరు గౌరమ్మ పసుపు తీసి పుస్తెలకు పెట్టుకుంటున్నరు. మామ అవ్వనడిగి చిటికెడు పసుపు తీసుకున్నడు. నీళ్లతోని తడిపి, తెల్ల బిళ్లకు మంచిగ రుద్ది, శ్రావణి చేతుల పెట్టిండు.

"ఇగో బిడ్డా, మళ్ల పచ్చగైంది. పోతే మళ్ల రాసుకో."

అది ఏడుసుడు ఆపి మామ ఒళ్లె కూసున్నది. నాకు మళ్ల మొదలైంది మంట... ముందుకన్న ఎక్కువ. బంగారం పోయినా దానికి పోయిందేం లేకపాయె.

మరుసటి రాఖీకి మామ ఇంకో ఎర్ర డబ్బి తెచ్చిండు... నాకు. అచ్చం అసొంటి బిళ్లనే. అవ్వకు దొరకకుండ దాచిన. చింతపండు గాదు, నీళ్లు గూడ తగలనియ్యలే. ఇప్పటికీ కొత్తదాని లెక్కనే ఉన్నది.

మొన్న దాన్ని నల్గొండల ఒక బంగారం దుకాణానికి తీస్కపోయిన. అమ్మనీకి గాదు. నాది ఎంతో కొంత ఇలువ చేస్తది, శ్రావణిది చెయ్యదు అని ఎవరన్న అంటే వినాలని. దుకాణపాయన ఒక్కసారి చూసి, పూత బిళ్లకు రేటుండదమ్మా, ఇంట్లనే పెట్టుకో అన్నడు.

శ్రావణి ఇప్పుడు నౌకరి చేస్తది. బతుకమ్మకు ఊరికొస్తే ఆ తెల్ల బిళ్లకు పసుపు రాసి గౌరమ్మ పక్కన పెడ్తది, ఫోన్ల మామకు చూపెడ్తది. పచ్చగనే ఉన్నది బిడ్డా అంటడు ఆయన. నేను పక్కనుంటే నన్ను గూడ మంచిగున్నవా అని అడుగుతడు... మంచోడు. నా బిళ్ల సంగతి మాత్రం ఒక్కనాడు అడగలే. అది నేను ఏడ్వద్దని ఇచ్చింది గదా... శ్రావణిది ఇయ్యబుద్ధై ఇచ్చింది.

ఇప్పుడు మామలు బస్సెక్కి వస్తలేరు... ఫోన్లకే పైసలు కొడ్తున్నరు. డబ్బి మూత తీసే సంబురమూ లేదు, పక్కన నిలబడి చూసే బాధా లేదు.

మీరు గూడ ఎవరి మేనమామను చూసన్న కండ్లల్ల నిప్పులు పోసుకున్నరా? ఉంటే రాయుండ్రి... గిట్ల కుళ్లుకున్నది నేనొక్కదాన్నే గాదని తెలిస్తే జర నిమ్మలంగుంటది.