చెంబెడు బావి నీళ్లు

కలరా భయంతో నెల రోజులుగా పంజాగుట్టలో ఇల్లిల్లూ తిరిగి, పిల్లలకు నీళ్లు మరిగించి పట్టమని చెబుతున్నాను. ఇవాళ ఎల్లమ్మ ఇంట్లో పొయ్యి మీద నీళ్లు మసులుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఆమె గిన్నె దించి, చెంబెడు బావి నీళ్లు కలిపి, కొడుక్కి గ్లాసు అందించింది. నేను లాక్కున్నాను.

“ఇదేం పని ఎల్లమ్మా?”

“నువ్వు చెప్పినట్టే మసలవెట్టిన గద నర్సమ్మా. గంత వేడివి పోరడు ఎట్ల తాగుతడు? జర సల్లనీళ్లు కలిపిన.”

తిట్టబోయి ఆగాను. మరిగించమన్నానే గానీ, చల్లారేదాకా ఆగమని, పచ్చినీళ్లు కలపొద్దని ఏ ఇంట్లోనూ చెప్పలేదు.

ఆమెకు చెప్పి, కాళ్లీడ్చుకుంటూ అమీర్‌పేటలో మా ఇంటికి చేరాను. ఇది చదువుతున్న మీరూ, మీ ఇంట్లో మరిగించిన నీళ్లు ఎలా చల్లారుస్తున్నారో ఒకసారి చూసుకోండి. నేను మాత్రం రేపు మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాలి.