ఖాళీ కుర్చీ ఓర్వని బాలకిషన్ సారు

భర్త జైపాల్ ఉన్నన్నాళ్లూ అంబిక పొద్దున లేవగానే కిటికీ పక్క కుర్చీకి చాయ్ అందించేది. ఆయన పోయాక అదే వేళకు ఆ కుర్చీని తడిగుడ్డతో తుడుస్తోంది. అందులో ఎవరినీ కూర్చోనివ్వదు. అశోక్‌నగర్‌లోని ఆ ఇంటి పైవాటాలో కిరాయికున్న కెమిస్ట్రీ ట్యూషన్ బాలకిషన్ సారుకేమో, ఖాళీ సీటు కనబడితే ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది.

సారు లెక్కలో మనుషులంతా ఎలక్ట్రాన్లే. ఒకే ఎత్తులో గదులుంటే ఎలక్ట్రాన్లు ముందు గదికొకటి చొప్పున సర్దుకుంటాయి. అన్నింటిలో ఒక్కోటి చేరాకే జంట కడతాయి. ఆ బుద్ధి మనుషులకెందుకు లేదని ఆయన బాధ. ఓసారి నారాయణగూడలో బస్సెక్కి, పక్కపక్కన కూర్చున్న కొత్త జంటను లేపబోయాడు.

"జర లేవమ్మా. అటు సీటు ఖాళీ ఉంది."

"ఏందన్నా, మా పెళ్లయి నెల గూడ కాలే!" అన్నాడు పెళ్లికొడుకు.

"పరేషానెందుకు? ముందు బస్సు నిండనియ్యి. అప్పుడు కలుస్తరు."

ఫ్లైఓవరు దాటకముందే కండక్టరు బాలకిషన్ సారు సీటునే ఖాళీ చేయించాడు.

ఒక సాయంత్రం సారు శిష్యురాలు నవత పుస్తకాలతో కిందికి దిగింది.

"ఆంటీ, పైన బెంచీలన్నీ నిండినయంట. మీ కుర్చీల కూసొమ్మన్నరు."

అంబిక కుర్చీకి అడ్డంగా నిలబడింది. "చాప ఏస్తా బిడ్డా."

"వద్దాంటీ. కుర్చీ ఖాళీ ఉండంగ చాప మీద కూసుంటే సార్ మార్కులు కోస్తరు."

పరాయి పిల్ల మార్కులు పోగొట్టడమెందుకని అంబిక పక్కకు జరిగింది. మర్నాడు ఇంకో శిష్యుడు చింటు వచ్చాడు. ఆ మర్నాడు మళ్లీ నవత. పిల్ల ఆకలితో రాస్తుంటే చూడలేక, చాన్నాళ్లుగా చాయ్‌కి తప్ప వెలగని పొయ్యి మీద అంబిక పెనం పెట్టింది. ఆ వాసనకు చింటూ, సారూ దిగొచ్చారు.

"మనిషికి సగటున రెండున్నర దోసెలు పొయ్యి చెల్లెమ్మా."

"సగం దోసె తినేదెవరు సార్?"

"ఎవరూ తినరు. క్లోరిన్ సగటు బరువు ముప్పై అయిదున్నర. అంత బరువున్న పరమాణువు ఒక్కటి గూడ దొరకదు. ముప్పై అయిదువి మూడుంటే ముప్పై ఏడుది ఒకటుంటది. గట్లనే నవత రెండు, చింటు రెండు, నువ్వు రెండు, ఇంకొకరు నాలుగు."

"ఆ నాలుగు తినేదెవరు?"

సారు సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు.

"నాకొద్దు సార్. ఆకలైతలేదు," అంది అంబిక.

"నువ్వు తినకుంటే సగటు పాడైతది!" సారు ఎంత లబలబలాడాడంటే, అంబిక గబగబా రెండూ తినేసింది.

అలా రోజూ సగటు కాపాడుతూ వచ్చింది. ఒకనాడు మిగిలిన దోసెలు తనే పైకి పట్టుకెళ్లింది. చూస్తే సగం బెంచీలు ఖాళీ!

"ఇంత జాగా ఉండంగ పిల్లల్ని కిందికెందుకు తోలుతున్నరు సార్? మీ రూల్ మీరే తప్పిండ్రు గదా!"

సారు దొరికిపోయిన దొంగలా సుద్దముక్క వెనక్కి దాచుకున్నాడు.

"క్రోమియం గూడ తప్పుతదమ్మా," అని గొణిగాడు. "అందులో ఒక ఎలక్ట్రాన్ వరస తప్పి, ఖాళీగున్న గదిలకు పోయి కూసుంటది. గట్ల పోతేనే దానికి నిమ్మళం."

మర్నాడు పొద్దున అంబిక తడిగుడ్డతో కుర్చీ దగ్గరకు వెళ్లింది. సీటు నిండా రబ్బరు పొట్టు. కుర్చీ చేతి మీద చట్నీ మరక, పక్కనే చింటు పెన్సిలుతో గీసిన పరమాణువు. గుడ్డను తిరిగి మేకుకు తగిలించి, మినప్పప్పు నానబోసింది, సగటు పాడవకుండా.