కుప్పయ్య అరికాళ్లు

చిత్తూరు మామిడి మండీల వెనక ఉన్న పాత ఫుట్‌బాల్ స్టేడియానికి కుప్పయ్యే కావలివాడు. గడ్డి కోసేవాడూ, సున్నం గీతలు గీసేవాడూ, కుక్కల్ని తరిమేవాడూ కూడా అతనే. జీతం మాత్రం ఒక్కటే.

ఒకప్పుడు ఆ స్టేడియంలో ఆట ఉందంటే పాకాల జంక్షన్లో జనం రైళ్లు మారి మరీ వచ్చేవాళ్లు. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి, కోలారు గనుల నుంచి జీతానికి ఆడే జట్లు దిగేవి. రాతి మెట్ల గ్యాలరీలో చోటు దొరకనివాళ్లు మండీ రేకుల మీదికెక్కి చూసేవాళ్లు. ఇప్పుడు అక్కడ బంతి కనిపించేది ఏడాదికి ఒక్క టోర్నమెంటులోనే. మిగతా రోజుల్లో ఎగ్జిబిషన్లు, సభలు, దీపావళికి టపాకాయల అంగళ్లు, కాయల సీజన్లో మండీకి వచ్చిన లారీలు. ఎవరొచ్చినా నేలలో మేకులు దిగ్గొడతారు. పోయేటప్పుడు గుడ్డలూ కర్రలూ జాగ్రత్తగా మూటగట్టుకుంటారు, మేకులు మాత్రం ఎవరికీ గుర్తుండవు. సభల వాళ్లయితే మేకులతో పాటు ఇచ్చిన మాటలు కూడా ఇక్కడే వదిలిపోతారని కుప్పయ్య అనేవాడు.

ఆ మేకులు ఏరడంలోనే అతని బతుకు చాలా మటుకు గడిచిపోయింది.

అతను పనిలో చేరిన కొత్తలో మహబూబ్ బాషా అని ఒక గోల్‌కీపర్ ఉండేవాడు. ఒక మిల్లు జట్టుకు జీతం మీద ఆడేవాడు. ఒకనాడు బంతి మీదికి దూకినప్పుడు మోకాలి చిప్ప కింద మేకు దిగింది. చీము పట్టింది, కోత పెట్టారు, ఆ కాలు మళ్లీ మడత పడలేదు. ఆట పోయింది, దాంతోపాటే జీతమూ పోయింది. ఇప్పుడు టోర్నమెంటు నడిపేది ఆ బాషానే. గ్యాలరీలో కుర్చీ వేసుకుని కాలు చాపుకుని కూర్చుంటాడు, గడ్డి మీద మాత్రం అడుగు పెట్టడు. "సీపురుకు దొరకని మేకు నా మోకాలికి దొరికిందప్పా" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూడలేకే కుప్పయ్య గ్రౌండులో చెప్పులు విడిచాడు.

అప్పటి నుంచి ప్రతి టోర్నమెంటుకీ ముందు వట్టి కాళ్లతో గ్రౌండంతా నడుస్తాడు. మడక సాలు తోలినట్టు, వరస పక్కన వరస, అడుగు పక్కన అడుగు. కంటికి కనపడనిదీ చీపురుకు తగలనిదీ అరికాలికి తెలుస్తుంది. దొరికిన మేకును డబ్బాలో వేసుకుని ముందుకు పోతాడు. అయస్కాంతం బండి ఒకటి కొందామని కమిటీ వాళ్లు ఏళ్లుగా అనుకుంటున్నారు. అనుకోవడానికి ఖర్చు లేదు కదా!

అలాంటి కాళ్లకు షుగరు తగిలింది. మొదట తిమ్మిర్లు, తర్వాత దూది మీద నడిచినట్టు, ఆ తర్వాత ఏమీ తెలియకపోవడం. ఒకరోజు బస్టాండు నుంచి ఇంటికొచ్చేసరికి ఒక్క కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. భార్య గంగులమ్మ వెళ్లి వెతికి తెచ్చింది. కాళ్ల మాట ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

ఈసారి ఎగ్జిబిషను వాళ్లు రంగులరాట్నం విప్పుకుని పోయేసరికి టోర్నమెంటు నెత్తి మీదికొచ్చింది. సాయంత్రమే మొదటి ఆట, ఆడపిల్లల జట్లు. పొద్దున్నే కుప్పయ్య నడక మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. డబ్బా అడుగున నాలుగు మేకులు గలగలమన్నాయి.

"ఏమప్పా, అయిందా?" గ్యాలరీలోంచి బాషా కేకేశాడు.

"అయింది బాషా భాయ్. ఇంగ భయం లేదు."

"నువ్వు సెప్తే సాలు."

సున్నం గీత మొదలుపెట్టి, సగం దూరం పోయాక, వంకర పోయిందేమోనని వెనక్కి తిరిగాడు. తెల్లటి గీత పక్కన ఎర్రటి మరకలు. అతను నడిచినంత మేరా ఉన్నాయి. ఎవరో వక్కాకు ఉమ్మారనుకున్నాడు. అనుమానంతో కూర్చుని కాలు తిప్పి చూసుకున్నాడు. అరికాలిలో పొట్టి మేకు, తల దాకా దిగి ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కిందంటారు. అతని అరికాల్లో మంటే లేదు. భయం మాత్రం నిలువెల్లా పాకింది. ఒంట్లో దిగిన మేకునే చెప్పని కాలు, నేలలో ఉన్నవి ఎన్ని చెప్పకుండా దాటేసిందో! కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అతను బాషాకు మాట ఇచ్చేశాడు. చుట్టూ చూసి, రక్తం మరక మీద గుప్పెడు సున్నం చల్లాడు.

సరిగ్గా అప్పుడే గంగులమ్మ సంగటీ ఊరిబిండీ ఉన్న గిన్నెతో వచ్చింది. కాలు చూసి గిన్నె కింద పెట్టేసింది. అతని పాదం ఒళ్లో పెట్టుకుని మేకు పట్టి లాగింది. లాగింది ఆమే, "అమ్మా" అన్నదీ ఆమే. కుప్పయ్య ఎవరి కాలో చూస్తున్నట్టు చూశాడు.

"బాషా భాయ్‌కి సెప్పినావా?" కొంగు చింపి కట్టు కడుతూ అడిగింది.

"సెప్తే ఈ పనుండదు మే."

"సెప్పకపోతే?"

కుప్పయ్య గ్యాలరీ వైపు చూశాడు. బాషా ఆ మడత పడని కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కుప్పయ్య లేచి అతని దగ్గరికి నడిచాడు.

"నా మాట నమ్మాకు బాషా భాయ్. నా కాళ్లకు తెలీడంలా. గ్రౌండులో ఇంకా ఉంటాయి."

బాషా అతని కాలికట్టు చూశాడు. కోప్పడతాడనుకుంటే, బూటు విప్పుకోవడానికి వంగాడు. మోకాలు వంగలేదు. కుప్పయ్యే కింద కూర్చుని తాడు విప్పాడు.

"నువ్వేంటికి భాయ్?"

"నాకు మోకాలే సచ్చింది గానీ అరికాలు బతికే ఉండాదప్పా. నువ్వు కూసో."

బాషా కాలు ఈడ్చుకుంటూ గడ్డి మీదికి దిగాడు. అవతలి కొస నుంచి గంగులమ్మ చెప్పులు విడిచి, చీర ఎగదోపుకుని మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో కుప్పయ్య ఆ రాతి మెట్ల మీద కూర్చుని గ్రౌండును చూడటం అదే మొదటిసారి. ఏమీ దొరక్కూడదని ఒకసారి, దొరకాలని ఒకసారి మనసులో మొక్కుకున్నాడు.

ఎండ ముదిరాక గోలు స్తంభాల ముందు గంగులమ్మ కెవ్వుమంది. గోల్‌కీపర్ దూకే చోటు అది. పొద్దున అతను రెండుసార్లు నడిచిన వరస.

ఆమె కుంటుకుంటూ వచ్చి మేకును డబ్బాలో వేసింది. కుప్పయ్య తువ్వాలులో మొహం దాచుకుని ఉన్నాడు, భుజాలు అదురుతున్నాయి.

"దొరికింది గదయ్యా. ఇంగేంటికి ఏడస్తావు?"

"దొరికినందుకే మే" అన్నాడు కుప్పయ్య.