టార్పాలిన్ కింది గది

మా మేడమ్ ఇక లేరు. సదస్సులో మేము చూపించాల్సిన స్లైడ్లను కాలేజీ లైబ్రరీలో కూర్చుని సరిచేస్తుండగా పాతపట్నం నుంచి వాళ్ళ వదినగారు ఫోన్ చేశారు. "మీ మేడమ్ మరి నేదమ్మా. పొద్దున్న కాఫీ తాగింది, అలా ఒరిగిపోనాది" అన్నారు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు.

విజయనగరంలో మేము చదివే ఆర్కిటెక్చర్ కాలేజీలో ఆవిడ వెలుతురు గురించి పాఠం చెప్పేవారు. ఇంట్లోకి పగటి వెలుగు ఎక్కడిదాకా వస్తుంది, ఎందుకు ఆగిపోతుంది, ఇదే ఆవిడ లోకం. ఏ గదిలోకి వెళ్ళినా ముందు నేల మీద చతికిలబడేవారు. కళ్ళు ఆ గదికి అలవాటు పడేదాకా, కాంతిని కొలిచే మీటరును సంచిలోంచి తియ్యనిచ్చేవారు కాదు. కొలిచి రాసి చూపించినా ఒప్పుకునేవారు కాదు.

"అంకె సరే. గది ఎలాగున్నాదో ఒక్క మాటలో సెప్పు."

"మసకగా ఉంది మేడమ్."

"ఏ మసకే? తెల్లారగట్ల మసకా, సందేళ మసకా? ఒకటి పెరుగుతాది, ఒకటి తరుగుతాది."

మాటలంటే నాకు ఇష్టం పుట్టింది ఆ ప్రశ్న దగ్గరే. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నానంటే దాని పుణ్యమే.

ఆవిడ పుట్టిల్లు పాతపట్నం బజారులో. ముందు కిరాణా కొట్టు, వెనక వంటిల్లు, మధ్యలో కిటికీ లేని నడింటి గది. ఆ వీధిలో వ్యాపారుల ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కనుక, ఆ గదిలోకి వెలుగు పైకప్పులోని గాజుపెంకుల్లోంచే రావాలి. ఆ ఇళ్ళ మీదే మేడమ్ పరిశోధన పత్రం రాశారు. చిన్నప్పుడు అక్కడ కూర్చుని చదువుకున్న జ్ఞాపకంతో, మధ్యాహ్నం ఆ గదికి దీపం అక్కర్లేదని రాశారు. నేను కంప్యూటర్లో వేసిన లెక్కా అదే చెప్పింది. విశాఖపట్నంలో జరిగే ఆర్కిటెక్టుల సదస్సు వారు పత్రాన్ని తీసుకున్నారు.

సదస్సుకు ముందు ఒక్కసారైనా స్వయంగా కొలుద్దామని మేడమూ నేనూ ఆ ఇంటికి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. గది చీకటి. మేడమ్ అలవాటుగా కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నా కళ్ళకు ఏమీ అందలేదు. వంటింట్లోంచి వదినగారి నవ్వు వినిపించింది.

"ఓ ఆడబడుసా, ఏటి ఎతుకుతన్నావు? తుపానుకి మీ అన్న పైన టార్పాలిన్ కట్టీసినాడు. మళ్ళీ తుపాను వస్తాది కదాని ఇప్పనే నేదు. నాను పట్టపగలు లైటేసుకునే బియ్యం ఏరుకుంటన్నాను."

"మరి నాకెప్పుడూ సెప్పనేదేటి వదినా?"

"నువ్వెప్పుడు అడిగినావు? ఎప్పుడొచ్చినా కొట్టుకాడ కూకుని, మీ అన్నతో కబుర్లాడి ఎల్పోతావు."

మేడమ్ ముందు నవ్వారు. తిరుగు బస్సులో అన్నారు: "ఒసే, ఇది దాసొద్దు. నా తప్పు నానే సెప్తాను. ఇదే అసలు మాట, మిగతావన్నీ లెక్కలే." ఇల్లు గీసేవాళ్ళం గీసి వెళ్ళిపోతామని, ఆ ఇంట్లో బతికేవాళ్ళను మళ్ళీ వెళ్ళి అడగనే అడగమని, ఆ సంగతి అంతమంది ఆర్కిటెక్టుల ముందు తన నోటితో చెప్పాలని ఆవిడ ఆశ. దానికి సిద్ధమవుతూనే వెళ్ళిపోయారు.

సదస్సు వారు ఆవిడ బదులు నన్ను మాట్లాడమన్నారు. మా శాఖాధిపతిగారు పక్కకు పిలిచి, "పోయిన మనిషి పొరపాటు సభలో ఎందుకమ్మా? ఆ చీకటి గది స్లైడు ఒక్కటీ తీసెయ్" అన్నారు. ఆయనదీ ప్రేమే. తీసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను. చివరికి వదినగారికి ఫోన్ చేశాను.

"సెప్పీ అమ్మా" అన్నారు. "నాను ఎటకారం ఆడింది కూడా సెప్పీ. మీ మేడమ్ ఉంటే తనే సెప్పును."

చెప్పాను. వదినగారి మాటలు ఆవిడ యాసలోనే చెప్పాను. హాలంతా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. నేను తెర వైపు తిరిగాను. ఆ రోజు ఆ గదిలో నేను తీసిన ఫొటో. అంతా నలుపు. ఒక మూల మీటరు చిన్న తెర వెలుగుతోంది. ఆ వెలుగులో దాన్ని పట్టుకున్న మేడమ్ వేళ్ళు, లేత ఆకుపచ్చగా, గోడంత పెద్దవిగా. తర్వాతి స్లైడుకు మీట నొక్కాలి. నా వేలు కదల్లేదు.