మా కారు స్టీరియో నేను మార్చిన ఆదివారం

మా ఆయనకు కార్లల్ల స్టీరియోలు బిగించే దుకాణం ఉండేది. చంద్రపూర్‌ల, తుకుం బస్తీ లోపలి గల్లీల, ఒక్క షట్టరంత జాగా. సీటు కవర్లు, మ్యాట్లు ముంగట వేలాడేవి గాని జనం వచ్చేది వాటి కోసం కాదు. పద్మాపూర్ గనుల్ల పనిచేసే ఆఫీసర్లు, కోర్పనా దిక్కు పత్తి రైతులు, పెండ్లిండ్లకు కార్లు కిరాయికిచ్చేటోళ్ళు, అందరు ఆయన చెయ్యి కోసం వచ్చేటోళ్ళు. ఆయన బిగించిన స్టీరియో గతుకుల రోడ్డు మీద గూడ గరగర అనదని పేరు.

ఆయన పుట్టి పెరిగింది ఇక్కడ్నే. మా మామ కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఉండిపోయిండు. ఇంట్ల తెలుగే గాని ఆయన చదివింది మరాఠీ బడి, తెలుగు అక్షరం రాదు. నేను ఆదిలాబాద్ దిక్కు పిల్లను, పదో తరగతి దాకా తెలుగుల చదువుకున్న. ఎప్పుడన్న నోటుబుక్కుల ఏదన్న రాసుకుంటుంటే, "నా మీద చాడీలు రాస్తున్నవా? రాసుకో, నాకేం తెలుస్తది" అని నవ్వేటోడు.

పగలు అన్నం డబ్బా పట్టుకొని దుకాణానికి పోయేదాన్ని. పని నడుస్తుంటే ఆయన చేతులు కడుక్కునేదాకా పక్కన నిలబడి టార్చి పట్టేదాన్ని. అట్ల పదిహేడేండ్లు చూసిన. చూసుడు వేరు, చేసుడు వేరు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆయన నలభై ఎనిమిదో ఏట ఒకనాడు పొద్దుగాల చాయ్ గ్లాసు ఆయన చేతిలకెళ్ళి జారిపడ్డది. వంగి తీద్దామని చూసిండు, కుడి చెయ్యి రాలే. "ఏమైంది?" అన్న. ఏదో చెప్పబోయిండు, నోరు ఒక పక్కకు గుంజుకపోయింది.

పక్షవాతమన్నరు. మూడు వారాలు దవాఖానల ఉండి ఇంటికి వచ్చినం. కుడి కాలు ఈడ్చుకుంట కొంచెం నడిచేటోడు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పడి ఉండేది. మాటల్ల ఒక్కటే మిగిలింది, "థాంబ్". మరాఠీల ఆగు అని. తొందరపెట్టే గిరాకీలకు రోజుకు వందసార్లు చెప్పిన మాట అది. ఇప్పుడు నీళ్ళు కావాల్నన్నా థాంబ్, ఫ్యాను బందు చెయ్యమన్నా థాంబ్. కోపమొచ్చినా అదే, నన్ను దగ్గర కూసోమన్నా అదే. గొంతును బట్టి నేను తెలుసుకునేదాన్ని.

"ఆయనకు అన్నీ అర్థమైతయి, బయటికి చెప్పవస్తలేదు అంతే" అన్నరు దవాఖానల. ఆ మాటను గట్టిగ పట్టుకున్న. అంటే నా మొగడు లోపల ఎప్పటిలెక్కనే ఉన్నడు, తలుపు ఒక్కటే తెరుచుకుంటలేదు అనుకున్న.

ఆరు నెలలకు దుకాణం తీసేసినం. సామానంత ఇంకొక దుకాణమాయన తీసుకపోయిండు. ఒక్క కొత్త స్టీరియో డబ్బాను మాత్రం మా ఆయన ఎడమ చెయ్యితోని ఛాతికి ఒత్తుకొని ఇయ్యలే. ఎవరు అడిగినా "థాంబ్, థాంబ్." అది ఆయన సొంత పనిముట్ల సంచితోని మా ఇంట్ల మంచం కింద ఉండిపోయింది.

ఆ ఏడాదే నేను కారు నడపడం నేర్చుకున్న. మా దగ్గర ఒక పాత చిన్న కారు ఉండేది. వారానికి రెండుసార్లు ఆయనను కసరత్తులకు, మాట నేర్పే మేడమ్ దగ్గరికి తీసుకపోవాలె. ఆ మేడమ్ చిన్న వయసు మనిషి, నెమ్మదిగ మాట్లాడుతది. "మాట రానోళ్ళకు ఒక్కోసారి పాట వస్తది వహిణీ. పాత పాటలు పెట్టండి, కారులగూడ పెట్టండి" అన్నది. వహిణీ అంటే వదినా అని.

కారుల స్టీరియో చచ్చిపోయి అప్పటికే శానా రోజులైంది. ఆయన మాత్రం కారు ఎక్కినప్పుడల్ల ఎడమ చెయ్యి చాపి దాని బటన్ నొక్కేటోడు. ఏం వచ్చేది కాదు. నా దిక్కు చూసేటోడు.

మంచం కింది కొత్తది బిగించుకుందామని మా సామాను కొన్న దుకాణానికే తీసుకపోయిన. కారు ఆగంగనే ఆయనకు తెలిసిపోయింది. తలుపును లోపల నుంచి పట్టుకున్నడు. దుకాణమాయన మంచోడు, బయటికి వచ్చి, "దాదా, దిగు, చాయ్ తాగుదాం. నీ కండ్ల ముంగటనే చేస్త, తప్పుంటే నువ్వే చెప్పు" అన్నడు. మా ఆయన ముఖం అటు తిప్పుకున్నడు. కండ్లల్లకెళ్ళి నీళ్ళు కారుతున్నయి, తలుపు మాత్రం విడుస్తలేడు. నేను బండి వెనక్కి తిప్పిన.

ఇంటికి వచ్చినంక ఆయన ముంగట కూసొని అన్న. "ఏమయ్యా, ఎవ్వరి దగ్గరికి వద్దు. రేపు ఆదివారం మనమే చేద్దాం. చేతులు నావి, తెలివి నీది. నువ్వు ఏలు పెట్టి చూపించు, నేను చేస్త. సరేనా?"

శానాసేపు నన్నే చూసిండు. తర్వాత మెల్లగ తల ఊపిండు.

తెల్లారి చూస్తే దుకాణానికి వేసుకునే బూడిద రంగు అంగీ తొడుక్కొని మంచం మీద కూసొని ఉన్నడు. ఎడమ చెయ్యి ఒక్కదానితోని గుండీలు పెట్టుకుంటున్నడు. సాయం చేస్తనంటే "థాంబ్" అన్నడు. ఐదు గుండీలకు అరగంట పట్టింది.

దీపావళి అయిపోయిన రోజులు, ఎండ మెత్తగ ఉంది. ఇంటి ముంగట కారు పెట్టి ఆయనను పక్క సీట్ల కూసోబెట్టిన. ఆయన పనిముట్ల సంచి నా ఒళ్ళో. ముందుగాల బ్యాటరీ తీగ ఇప్పాలని నాకు ఎరుకే. పానా పట్టి ఇప్పిన. స్టీరియో చుట్టున్న ప్లాస్టిక్ చట్రాన్ని స్క్రూడ్రైవర్‌తో లేపితే టక్కున ఊడింది. రెండు పక్కల సన్నటి ఇనుప పట్టీలు దోపి గుంజాలె. నేను గుంజితే రాలే. ఆయన ఎడమ చెయ్యి నా చెయ్యి మీద పెట్టి కొంచెం కిందికి ఒత్తిండు. జర్రున బయటికి వచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. ఆయన నవ్విండు, సగం నోటితోని. అప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

స్టీరియో తీసిన బొందల నల్లటి దుమ్ము. మా ఊర్ల ఏ వస్తువు ఇప్పినా లోపల బొగ్గు దుమ్మే. బట్టతోని తుడిచి చూస్తే వైర్లు. వేరే కార్లకైతే ఆయన రంగుకు రంగు కలిపి, చక్కగ కప్లర్ అనే ప్లగ్గు పెట్టి బిగించేటోడు. సొంత కారుకు మాత్రం చేతికి దొరికిన ముక్కలన్ని అతికించి పెట్టుకున్నడు. అన్నీ నల్లయి, నీలివి. కొత్త స్టీరియో వైర్ల రంగులను బట్టి ఏది దేనికో తెలుస్తలేదు. ఏది ఎక్కడికి పోతదో బిగించినోనికే తెలుసు. ఆ బిగించినోడు నా పక్కన కూసొని ఉన్నడు గదా అనుకున్న.

కొత్తదాని నల్ల వైరు పట్టుకొని, "ఈ నల్లదానికి ఏది?" అన్న.

ఒక వైరు మీద ఏలు పెట్టిండు. కలిపి టేపు చుట్టిన. "పసుపుదానికి?" ఇంకొకటి చూపించిండు. "ఎర్రదానికి?" చూపించిండు. బ్యాటరీ తీగ మళ్ళ తగిలించంగనే లోపల ఎక్కడో టప్పుమన్నది. ఫ్యూజు పోయింది.

"ఏం కాదు, ఇంకోటి ఉంది" అని మార్చిన. బ్యాటరీ ఇప్పి మళ్ళ మొదలుపెట్టినం. "థాంబ్" అన్నడు, ముందుకు వంగి వైర్లన్ని కదిలించి చూసిండు. నల్లదానికి ఏదని మళ్ళ అడిగిన. ఈసారి వేరేది చూపించిండు. నేను కలపలే. కొంచెం ఆగి అదే మాట మళ్ళ అడిగిన. ఇంకొకటి చూపించిండు.

నాలుగోసారి అడగకుండ ఉండాల్సింది. అడిగిన.

ఆయన ఏలు సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఆ వైర్లను చూసిండు. ఆ చూపు నాకు తెలుసు. నా తెలుగు నోటుబుక్కును ఆయన అట్లనే చూసేటోడు. కాకపోతే అప్పుడు నవ్వేటోడు. ఇప్పుడు నోరు తెరిచిండు, ఆ ఒక్క మాట గూడ రాలే. చేతిని వెనక్కి తీసుకొని, పడి ఉన్న కుడి చెయ్యి కింద దాచుకున్నడు.

మాటల తలుపు ఒక్కటే తెరుచుకుంటలేదు అనుకున్న గాని, లోపల గూడ సామాను పోయిందని నాకు ఎవ్వరు చెప్పలే.

అన్నీ మూసేసి ఇంట్లకు పోదామంటే ఆయన తన చెయ్యి వల్లనే ఆగిందనుకుంటడు. పూర్తి చేస్తే ఆయన లేకుండనే అయిందనుకుంటడు. ఏది మంచిదో తెలువలే. ఆఖరికి సంచిల నుంచి ఆయన టెస్ట్ బల్బు తీసిన. రెండు వైర్లున్న చిన్న బల్బు. బ్యాటరీ తగిలించి ఒక్కొక్క వైరుకు ఆనిస్తే, ఎప్పుడూ కరెంటు ఉండేది ఒకటి, తాళం తిప్పితే వచ్చేది ఒకటి దొరికినయి. కారు ఇనుముకు కలిసేది దొరికింది. మిగిలినయి స్పీకర్లవి.

వాటికి ఆయన ఒక ఉపాయం చేసేటోడు. గడియారంల వేసే చిన్న సెల్లు తీసుకొని వైర్ల జతకు తాకిస్తే, ఆ స్పీకర్ల టుక్కుమని చప్పుడు వస్తది. ఇంట్ల గడియారంల సెల్లు తీసుకొచ్చిన.

"చప్పుడు ఎటు నుంచి వస్తదో చెప్పు" అన్న. టుక్. ఆయన దాచుకున్న ఎడమ చెయ్యి బయటికి తీసి వెనక్కి, కిటికీ దిక్కు చూపించిండు. టుక్. నా దిక్కు ముంగట. నాలుగింటికి నాలుగు సరిగ్గ చెప్పిండు.

"శభాష్, మంచిగ చెప్పినవు" అన్న. ఆ మాట నోట్లకెళ్ళి వచ్చినంక నాలుక కొరుక్కున్న. చిన్న పిల్లలతోని అనే మాట అది. ఆయన అద్దంలకెళ్ళి బయటికి చూస్త కూసున్నడు.

పని అయ్యేసరికి అన్నం యాళ్ళ దాటింది. బటన్ నొక్కితే నీలి వెలుగు వచ్చి రేడియోల ఎవరో మరాఠీల సోయాబీన్ పురుగుమందు సంగతి చెప్తున్నరు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆయనకు ఇష్టమైన పాత పాట పెట్టిన. కండ్లు మూసుకొని విన్నడు. నేను ఆయన పెదవులనే చూస్తున్న. కదలలే. పాట అయిపోకముందే చెయ్యి చాపి బందు చేసిండు. ఆ తర్వాత ఆ బటన్ ఎప్పుడు ముట్టలే.

ఆనాటి నుంచి ఆయన కోపం చేసుకోవడం గూడ మానేసిండు. పెట్టింది తిన్నడు, చెప్పిన కసరత్తు చేసిండు. చూడవచ్చినోళ్ళు "నిమ్మళపడ్డడు" అన్నరు. మాట పోయిందనుకున్న మనిషికి పనితనం గూడ పోయిందని కండ్ల ముంగట పెట్టి చూపించినదాన్ని నేనే అని లోపల తొలిచేది. ఒకరోజు ఉండబట్టలేక మాట నేర్పే మేడమ్‌కు అంత చెప్పిన.

ఆమె అంత విన్నది. "వహిణీ, ఆయనకు అది ఎప్పుడో తెలిసి ఉంటది. ఆనాడు తెలిసింది మీకు" అన్నది.

ఇంటికి వచ్చేటప్పుడు తొవ్వ పొడుగూత అదే ఆలోచన. ఆ దుకాణం ముంగట ఆయన తలుపు పట్టుకొని ఏడ్చింది సిగ్గుతోని అనుకున్న. తప్పుంటే చెప్పమని దుకాణమాయన అడిగిండు గదా, ఏం చెప్పాల్నో తెలువదని ఏడ్చిండేమో. నేను చేద్దామన్నప్పుడు అంతసేపు చూసి తల ఊపింది నా కోసమేనేమో. ఆ అంగీ గూడ నా కోసమే తొడుక్కున్నడేమో. ఏది నిజమో ఇప్పటికి తెలువదు. అప్పుడు అడగాల్సిన మనిషి ఎదురుగనే ఉండె, చెప్పే మాట లేకుండె.

ఎండాకాలం మొదట్ల కోర్పనాల ఉండే మా ఆడబిడ్డ ఇంటికి తీసుకపోయిన. అంత దూరం నేను నడపడం అదే మొదలు. సున్నపురాయి లారీలు దుమ్ము లేపుకుంట ఎదురొస్తున్నయి. ఒక లారీని దాటబోయి భయపడి బ్రేకు తొక్కితే బండి మధ్య రోడ్డు మీద ఆగిపోయింది. వెనకోళ్ళంత హారన్లు. నేను లారీ డ్రైవరును, రోడ్డును, కారును, అందరిని తిట్టుకుంట తాళం తిప్పుతుంటే పక్క నుంచి చప్పుడు వచ్చింది. చూస్తే ఆయన నవ్వుతున్నడు. సగం నోటితోని కాదు, గొంతుతోని, కడుపు ఊగేటట్టు. జబ్బు చేసినంక అట్ల నవ్వడం అదే మొదలు. నాకు గూడ నవ్వు వచ్చింది. బండి పక్కకు తీసి ఇద్దరం కండ్లల్ల నీళ్ళు తుడుచుకున్నం.

వానాకాలంల జబ్బు మళ్ళ వచ్చింది. ఈసారి దవాఖాన దాకా గూడ పోనియ్యలే.

దినాలన్ని అయిపోయినంక వంటింట్ల ఆడబిడ్డ నా పక్కన కూసున్నది. అన్న పోయినప్పుడు ఆమె దగ్గర లేదు. "వదినా, చివరికి అన్న ఏమన్న మాట్లాడిండా? ఒక్క మాటన్న?"

"లేదు" అన్న. ఆమె ముఖం చూసి ఊకోలేకపోయిన. "మీ ఇంటికి వచ్చిననాడు తొవ్వల నవ్విండు. నేను బండి ఆపేసినందుకు. శానాసేపు నవ్విండు."

ఆమె కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నేను బియ్యం చాట పక్కకు పెట్టి ఆమె దగ్గరికి జరిగిన.